ఆపరేషన్ కుట్ల మచ్చ ఉబ్బకుండా ఉండాలంటే: ఏ దశలో ఏ మందు, ఏ జాగ్రత్త

"కుట్లు విప్పేశారు, ఇప్పుడు ఏ క్రీమ్ రాయాలి?" సిజేరియన్ అయినవాళ్ళు, థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్ళు, బైపాస్ చేయించుకున్నవాళ్ళు అందరూ అడిగే ప్రశ్న ఇది. క్రీమ్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే పెద్దగా ఉపయోగం ఉండదు. సిలికాన్ జెల్ మానిన గాయం మీద బాగా పనిచేస్తుంది, పచ్చి గాయం మీద రాయకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చ ఉబ్బడం మొదలైన కొత్తలో తేలిగ్గా లొంగదీస్తుంది. అదే మచ్చ రాయిలా గట్టిపడ్డాక వెళ్తే ఎన్నో విడతలు పడుతుంది. అంటే మందు ఎంత ముఖ్యమో, దాని వేళ అంత ముఖ్యం. అందుకే ఇక్కడ అంతా కాలక్రమంలో చెప్తున్నాను.

డిశ్చార్జ్ కాగితంలో మీ సర్జన్ వేరేగా రాసి ఉంటే అదే పాటించండి. మీ గాయాన్ని చూసింది వాళ్ళే.

## 1. మీది ఏ రకం మచ్చ?

మామూలు మచ్చ. మొదటి రెండు మూడు నెలలు ఎర్రగానో నల్లగానో ఉంటుంది. తాకితే గట్టిగా తగులుతుంది, కాస్త దురద పెడుతుంది. ఇంతవరకు కంగారు పడక్కర్లేదు. మచ్చ పూర్తిగా పండి మెత్తబడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది.

ఉబ్బు మచ్చ. డాక్టర్లు హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటారు. సాధారణంగా నెల, రెండు నెలలకు మొదలవుతుంది. తాడులా పైకి లేస్తుంది కానీ కోత గీత దాటి పక్కకు పోదు. కొన్ని నెలలు పెరిగి, తర్వాత నెమ్మదిగా తగ్గే అవకాశం ఉంది.

కీలాయిడ్. ఇది గీత దాటి మంచి చర్మం మీదికి పాకుతుంది. కొన్ని నెలల తర్వాత, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా మొదలవుతుంది. దురద, పోట్లు ఎక్కువ. దానంతట అది తగ్గదు.

ఈ తేడా తెలిస్తే ఎంత ఓపిక పట్టాలో తెలుస్తుంది. ఉబ్బు మచ్చకు టేపు, సిలికాన్‌తో కొన్నాళ్ళు చూడవచ్చు. కీలాయిడ్ అని అనుమానం వచ్చిందంటే ఆగకూడదు.

## 2. ఆపరేషన్‌కు ముందు చేయాల్సినవి

తేదీ ముందే ఖాయమైన ఆపరేషన్ అయితే మీ చేతిలో కొంత సమయం ఉన్నట్టే. ముందు ఎడమ చేయి పైభాగం చూసుకోండి. చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా మచ్చ చాలామందికి చదునుగానో చిన్న గుంటలాగానో ఉంటుంది. అది ఉబ్బి, నున్నగా మెరుస్తూ, అప్పుడప్పుడు దురద పెడుతుంటే మీ చర్మానికి కీలాయిడ్ తత్వం ఉందనుకోవచ్చు. చెవి కుట్టించుకున్న చోట గడ్డ కట్టినా, ఆటలమ్మ మచ్చలు ఉబ్బినా అంతే.

సర్జన్‌కు తప్పకుండా చెప్పాల్సినవి:

- ☐ మీకు గానీ, అమ్మానాన్నలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు గానీ కీలాయిడ్ ఉంటే
- ☐ పాత ఆపరేషన్ మచ్చ ఉబ్బి ఉంటే (వెళ్ళినప్పుడు చూపించండి)
- ☐ ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు, మెథోట్రెక్సేట్ వాడుతుంటే
- ☐ మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడుతుంటే, లేదా ఈ మధ్యే ఆపేసి ఉంటే
- ☐ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు, చేప నూనె, వెల్లుల్లి మాత్రలు వాడుతుంటే

చెప్పమన్నాను గానీ ఆపేయమనలేదు. గుండె మాత్రలు గానీ, చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలు గానీ సొంతంగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఏది ఆపాలో, ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి.

షుగర్ అదుపులో ఉండాలి. సిగరెట్, బీడీ, గుట్కా కనీసం 4 వారాల ముందే మానాలి. గాయం ఆలస్యంగా మానితే, అందులో చీము పడితే, మచ్చ ఉబ్బే అవకాశం పెరుగుతుంది. మూడు వారాలు దాటినా మానని గాయం విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఛాతీ మధ్య, భుజం, వీపు పైభాగం, దవడ అంచు, చెవి తమ్మె, పొత్తికడుపు కింది భాగం... మచ్చ ఎక్కువగా ఉబ్బేది ఈ చోట్లే. అక్కడ కోత పడబోతుంటే, కుట్లు విప్పాక ఏం వాడాలో ముందే అడిగి రాసిపెట్టుకోండి. డిశ్చార్జ్ రోజు హడావిడిలో అడగడం కుదరదు.

## 3. మొదటి రెండు వారాలు: గాయం సాఫీగా మానడమే పని

ఈ రెండు వారాల్లో మచ్చ మందులేవీ వద్దు. గాయం శుభ్రంగా, చీము పట్టకుండా మూసుకుంటే చాలు.

మందులు. రాసిచ్చిన యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులు వాడండి. రెండో రోజుకే బాగుందని మానేయకండి. తగ్గలేదని మెడికల్ షాపులో ఇంకోటి అడిగి కలపకండి. నొప్పి భరిస్తూ నొప్పి మాత్రలు మానేసేవాళ్ళున్నారు. నొప్పి వల్ల ఒంగి నడవడం, దగ్గాలంటే బిగబట్టడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

డ్రెస్సింగ్. ఎప్పుడు తీయాలో, ఎప్పటి నుంచి తడపవచ్చో ఆసుపత్రిలోనే అడగండి. విప్పాక గాయం ఎండి పెచ్చు కట్టాలని చాలామంది గాలికి వదిలేస్తారు. కొంచెం తేమగా ఉన్న గాయమే త్వరగా మానుతుంది. డాక్టర్ సరే అంటే పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే సరిపోతుంది. శుభ్రంగా ఉన్న కుట్లకు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రోజుల తరబడి అక్కర్లేదు. నియోమైసిన్, ఫ్రామైసెటిన్ ఉన్నవి కొందరికి ఎలర్జీ తెప్పించి ఎర్రగా పొక్కేలా చేస్తాయి. దాన్ని చూసి చీము పట్టిందని భయపడి ఇంకా ఎక్కువ రాస్తారు.

రాయకూడనివి. పసుపు, కాఫీ పొడి, సున్నం, విభూతి, వేడి చేసిన నూనె. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది, చూడ్డానికి మురికి పోతున్నట్టే ఉంటుంది. కానీ అది కొత్తగా పుట్టే కణాలను కూడా చంపుతుంది.

పథ్యం. నన్నడిగితే మన ఇళ్ళలో గాయాలు ఆలస్యంగా మానడానికి ఇదో పెద్ద కారణం. "పప్పు తింటే చీము పడుతుంది" అంటూ బాలింతకు, ఆపరేషన్ అయినవాళ్ళకు కారప్పొడి అన్నమో, చారన్నమో పెడతారు. చీము పప్పు వల్ల రాదు, క్రిముల వల్ల వస్తుంది. గాయం పూడ్చే కొల్లాజెన్ తయారవ్వాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేప, చికెన్‌లో మీ ఇంట్లో తినేవి పూటకొకటైనా ఉండాలి. జామ, ఉసిరి, నిమ్మ విటమిన్ సి కోసం. అత్తగారితో వాదించలేని బాలింతలు డాక్టర్ చేత కాగితం మీద "పప్పు, గుడ్డు తినవచ్చు" అని రాయించుకోండి, గొడవ ఉండదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ను అడగాలి.

బాలింత స్నానం. సిజేరియన్ కోత మీద మరిగే నీళ్ళు ధారగా కొట్టించుకోవద్దు, నూనె పెట్టి రుద్దించుకోవద్దు. గోరువెచ్చని నీళ్ళు పోసుకుని, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి. పొట్ట మడత కోత మీద పడేవాళ్ళకు అక్కడ చెమట నిలిచి చర్మం ఒరుస్తుంది. పడుకున్నప్పుడు మడత పైకెత్తి కాసేపు గాలి తగలనివ్వండి.

కుట్లు విప్పే రోజు. మామూలుగా ముఖానికి 5 నుంచి 7 రోజులు, పొట్టకు, ఛాతీకి, కాళ్ళూ చేతులకు 10 నుంచి 14 రోజులు. సిజేరియన్‌కు, కరిగిపోయే కుట్లకు లెక్క వేరేగా ఉంటుంది. పండగ ఉందనో, ఊరు దూరమనో వారం ఆలస్యం చేస్తే గీతకు అటూ ఇటూ నిచ్చెన మెట్లలా గుర్తులు పడిపోతాయి. వాటిని తర్వాత ఏ క్రీమూ తీసేయలేదు.

అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాల్సిన లక్షణాలు:

- ☐ జ్వరం
- ☐ కోత చుట్టూ ఎరుపు పాకడం, వేడిగా ఉండటం
- ☐ చీము, దుర్వాసన, ఆగకుండా నీరు కారడం
- ☐ కుట్టు తెగి గాయం విచ్చుకోవడం
- ☐ తగ్గాల్సిన నొప్పి రోజురోజుకూ పెరగడం

## 4. కుట్లు విప్పాక: మొదటి మందు పేపర్ టేపు

మచ్చ ఉబ్బడానికి ప్రధాన కారణాల్లో ఒకటి లాగుడు. మూడు వారాలకు ఆ చోట చర్మానికి వచ్చే బలం అసలు బలంలో పావు వంతు అటూ ఇటూగా ఉంటుంది. మూడు నెలలకు 80 శాతం వరకు వస్తుంది. ఈలోపు కదిలినప్పుడల్లా గీతను రెండు వైపులా లాగుతుంటే ఆ చోటు ఇంకా ఇంకా కొల్లాజెన్ పోస్తూనే ఉంటుంది.

దీనికి చవకైన ఉపాయం మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ పేపర్ టేపు. సిజేరియన్ మచ్చల మీద 12 వారాల పాటు దీన్ని అంటించి చూసిన అధ్యయనం 2005లో అచ్చయింది. టేపు వాడిన స్త్రీలలో మచ్చలు ఉబ్బడం తక్కువగా కనిపించింది.

అంటించే పద్ధతి:

1. పెచ్చులన్నీ రాలి, ఎక్కడా తడి లేదని చూసుకోండి.
2. చోటు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. పౌడర్, నూనె ఉండకూడదు.
3. గీత పొడవునా, దాని మీదనే, సాగదీయకుండా టేపు పరచండి. చర్మం ముడతలు పడితే మళ్ళీ అంటించండి.
4. దానంతట అది ఊడేదాకా కొన్ని రోజులు ఉంచండి. స్నానం చేయవచ్చు, మీద అద్ది ఆరబెట్టుకోండి.
5. తీయాలంటే అంచుకు కొబ్బరి నూనె రాసి, రెండు నిమిషాలాగి, గీత వెంట నెమ్మదిగా ఒలవండి. అడ్డంగా లాగితే కొత్త చర్మం ఊడి వస్తుంది.
6. నూనె జిడ్డు సబ్బుతో కడిగి, ఆరాక కొత్త టేపు.

టేపు కింద ఎర్రటి పొక్కులు, దురద వస్తే ఆపేయండి. అది పడని చర్మం.

టేపు ఉంది కదా అని బరువులెత్తకూడదు. సిజేరియన్ అయితే 6 వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తవద్దు. నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్ సంగతి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. బైపాస్ అయినవాళ్ళు మంచం మీద నుంచి లేచేటప్పుడు చేతులు ఊని లేవకుండా ఫిజియోథెరపిస్ట్ నేర్పిన పద్ధతిలో లేవాలి.

## 5. సిలికాన్: ఎవరికి, ఎప్పుడు, ఎలా

పైపూతగా వాడేవాటిలో డాక్టర్లు ముందుగా చెప్పేది సిలికాన్. అది గీత మీద పలచని పొరలా నిలిచి చర్మంలోని నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. దాంతో కింద కొల్లాజెన్ పోత నెమ్మదిస్తుందని వివరిస్తారు. కీలాయిడ్ తత్వం లేని మనిషికి, చిన్న కోతకు టేపు చాలు, డబ్బు మిగుల్చుకోండి. పాత మచ్చలు ఉబ్బినవాళ్ళు, ఛాతీ, భుజం మీద కోత పడినవాళ్ళు గాయం పూర్తిగా మూసుకోగానే సిలికాన్ మొదలుపెట్టడం మేలు. మామూలుగా అది కుట్లు విప్పాక ఒకటి రెండు వారాలకు.

జెల్. ముఖం, మెడ, కీళ్ళ దగ్గర సౌకర్యం. రోజుకు రెండుసార్లు. చాలామంది ఆయింట్‌మెంట్‌లా మందంగా పూసి రుద్దుతారు. అలా చేస్తే ఆరదు, చీర కొంగుకు, చొక్కాకు అంటుకుని పోతుంది. శనగ గింజంత తీసుకుని గీత పొడవునా పలచగా సాగదీసి వదిలేయండి. నాలుగైదు నిమిషాల్లో ఆరిపోవాలి. ఇంకా జిగటగా ఉందంటే ఎక్కువ రాశారన్నమాట, పైది తుడిచేయండి. సన్‌స్క్రీన్, పౌడర్ లాంటివి జెల్ ఆరాకే.

షీట్. పొట్ట, ఛాతీ లాంటి చదును చోట్లకు. గీత అంచులు దాటి అటూ ఇటూ అర సెంటీమీటరైనా ఉండేలా కత్తిరించండి. మొదటి రోజు నాలుగు గంటలతో మొదలుపెట్టి, పొక్కకపోతే రోజూ పెంచుతూ 12 గంటలు దాటించండి. వీలైతే 20 గంటల పైన. రోజూ తీసి షీట్‌ను, చర్మాన్ని మెత్తని సబ్బుతో కడిగి ఆరనిచ్చి మళ్ళీ అదే అంటించుకోవచ్చు. జిగురు పోయాక మార్చాలి.

మే నెల విజయవాడ ఎండల్లో షీట్ కింద చెమటకాయలు రాకపోతే ఆశ్చర్యమే. వస్తే రెండు రోజులు ఆపండి. తర్వాత రాత్రి ఫ్యాన్ కింద షీట్, పగలు జెల్ అని మార్చుకోండి.

కనీసం 3 నెలలు వాడాలి. నెల వాడి తేడా లేదని ట్యూబు పక్కన పడేస్తే పెట్టిన డబ్బు వృథా. సిలికాన్ బిడ్డకు పాలిచ్చే తల్లులు కూడా వాడవచ్చు.

## 6. మర్దన, ఎండ, రాపిడి

మర్దన కుట్లు విప్పిన రెండు మూడు వారాల తర్వాత, సర్జన్ సరేనంటేనే. వేలి కొసతో గోరు పాలిపోయేంత ఒత్తిడి పెట్టి, చిన్న చిన్న వలయాలుగా, అడ్డంగా, నిలువుగా కదపండి. రోజుకు రెండుసార్లు, అయిదు నుంచి పది నిమిషాలు. చర్మం మీద వేలు జారడం కాదు, వేలితో పాటు మచ్చ కదలాలి. మచ్చ ఎర్రబడి నొప్పెడితే ఆపండి. పెరుగుతున్న కీలాయిడ్‌ను మాత్రం పిసకవద్దు.

కొత్త మచ్చకు ఎండ తగిలితే నల్లబడి చాలాకాలం అలాగే ఉండిపోతుంది. మెడ, ముఖం, చేతుల మీద ఏడాది పాటు ఎస్‌పీఎఫ్ 30 లేదా ఎక్కువున్న సన్‌స్క్రీన్, లేదా గుడ్డ కప్పుకోవడం.

రాపిడి సంగతి ఎవరూ చెప్పరు. బైపాస్ గీత మీద గొలుసు, తాళిబొట్టు రోజంతా రాసుకుంటాయి. కొన్నాళ్ళు పసుపు తాడు పొట్టిగా కట్టుకోవడమో, మధ్యలో మెత్తని గుడ్డ ఉంచడమో చేయండి. సిజేరియన్ గీత మీద లోదుస్తుల ఎలాస్టిక్ పడుతుంటే నడుము పైదాకా వచ్చేవి కొనుక్కోండి. ల్యాప్రోస్కోపీ అయినవాళ్ళకు బొడ్డు దగ్గర లంగా బొందు ముడి సరిగ్గా కుట్టు మీదే పడుతుంది. ముడి పక్కకు వేయండి.

## 7. మెడికల్ షాపులో అడిగి కొనే క్రీములు

స్టెరాయిడ్ క్రీములు. బెట్నోవేట్ లాంటివి, తెల్లబడటానికి అమ్మే మూడు మందుల మిశ్రమ క్రీములు మచ్చకు రాసేస్తుంటారు. ఇవి ఉబ్బిన మచ్చ లోతుకు పెద్దగా దిగవు. చుట్టూ ఉన్న మంచి చర్మం మాత్రం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, మొటిమలు వస్తాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే చర్మ డాక్టర్‌కు చెప్పి ఆపండి.

విటమిన్ ఇ. గొట్టం మాత్ర (క్యాప్సూల్) చిదిపి అందులోని నూనె రాయడం బాగా పాకిన చిట్కా. 1999లో అమెరికాలో దీన్ని పరీక్షిస్తే ఎక్కువమందికి మచ్చలో తేడా రాలేదు, లేదా ఇంకా అధ్వానమైంది. మూడింట ఒక వంతుకు ఎలర్జీ కూడా వచ్చింది. చిన్న అధ్యయనమే అయినా నేనైతే రాయమని చెప్పను.

ఉల్లి సారం జెల్. ఫలితాలు ఒకలా రాలేదు. సిలికాన్‌కు బదులుగా కొనక్కర్లేదు.

మాత్రలు. మచ్చ ఉబ్బకుండా ఆపే మాత్ర అంటూ రుజువైనది లేదు. దురదకు సెటిరిజిన్ లాంటివి ఇస్తారు, అవి నిద్ర పట్టడానికి, గోకకుండా ఉండటానికి. గోకడం ఆగితే అదీ లాభమే.

## 8. నెలకోసారి ఫొటో

రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదు. ప్రతి నెల ఒకే తేదీన, కిటికీ పక్కన, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. ఒకటి పై నుంచి, ఒకటి పక్క నుంచి. ఎత్తు పక్క ఫొటోలోనే తెలుస్తుంది. డాక్టర్‌కు కూడా మీ మాటల కంటే ఈ ఫొటోలే ఎక్కువ చెప్తాయి.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా చర్మ డాక్టర్‌నో ప్లాస్టిక్ సర్జన్‌నో కలవండి:

- ☐ రెండో నెల ఫొటో కంటే మూడో నెలలో ఎత్తు పెరిగింది
- ☐ గీత దాటి పక్కకు పాకింది
- ☐ దురద, పోటు నిద్ర లేపుతున్నాయి
- ☐ మెడ, మోకాలు, చంక దగ్గర మచ్చ లాగి పట్టేస్తోంది

## 9. ఇంజెక్షన్ దశ

ట్రయామ్సినొలోన్ అనే స్టెరాయిడ్‌ను నేరుగా మచ్చలోకి ఎక్కిస్తారు. కెనాకార్ట్ అన్న పేరు వినే ఉంటారు. మచ్చ గట్టిదనాన్ని బట్టి మిల్లీలీటరుకు 10 నుంచి 40 మిల్లీగ్రాముల బలంతో, సుమారు 4 నుంచి 6 వారాలకోసారి ఇస్తారు. ఒక్క విడతతో పని జరగదని ముందే అనుకుని వెళ్ళండి.

నొప్పి ఉంటుంది, దాచడం ఎందుకు. గట్టి మచ్చలోకి మందు సులువుగా దిగదు. డాక్టర్ బలంగా నొక్కితే మచ్చ ఒక్కసారి తెల్లగా పాలిపోతుంది, మందు సరైన చోటికి వెళ్ళిందనడానికి అది గుర్తు. ముందుగా కాసేపు ఐస్ పెట్టమని, మత్తు మందు కలపమని అడగవచ్చు. విడతలు గడిచి మచ్చ మెత్తబడేకొద్దీ నొప్పి కూడా తగ్గుతుంది.

వెళ్ళే ముందు చెప్పాల్సినవి:

- ☐ షుగర్ (ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు పెరగవచ్చు, ఇంట్లో చూసుకోండి)
- ☐ గర్భం, గర్భం వచ్చే అవకాశం, బిడ్డకు పాలివ్వడం
- ☐ ఆ చోట చీము, పుండు, పొక్కులు
- ☐ గతంలో ఇలాంటి ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే ఎప్పుడు, ఎన్ని

స్త్రీలకు నెలసరి ఒకటి రెండుసార్లు అటూ ఇటూ కావచ్చు. మచ్చ చుట్టూ చర్మం తెల్లబడటం, గుంట పడటం కూడా జరగవచ్చు. అందుకే మచ్చ చదునయ్యాక ఆపాలి. రంగు కూడా పోవాలని ఇంకో రెండు చేయించుకుంటే గుంట మిగులుతుంది. ఇంజెక్షన్ ఎత్తును, దురదను తగ్గిస్తుంది. గీతను చెరిపేయదు.

స్టెరాయిడ్ ఒక్కదానికి లొంగకపోతే 5-ఫ్లోరోయురాసిల్ కలిపి ఇస్తారు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అది పనికిరాదు. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించే పద్ధతి చిన్న కీలాయిడ్లకు వాడతారు, మన ఛాయకు తెల్ల మచ్చ పడవచ్చు. ఎరుపు, దురద ఎక్కువుంటే లేజర్ కూడా చెప్తారు.

## 10. "కోసి తీసేయమనండి" అనే ముందు

కీలాయిడ్‌ను ఒక్క కోతతో వదిలేస్తే చాలామందిలో మళ్ళీ వస్తుంది, ఒక్కోసారి ముందుకంటే పెద్దదిగా. కోయించుకోవాలంటే తర్వాతి చికిత్స ఏమిటో ఆపరేషన్‌కు ముందే ఖాయం చేసుకోవాలి. సాధారణంగా ఇంజెక్షన్లు కొనసాగిస్తారు, లేదా కోసిన ఒకటి రెండు రోజుల్లోపే రేడియేషన్ మొదలుపెడతారు. పిల్లలకు, గర్భిణులకు రేడియేషన్ జోలికి మామూలుగా వెళ్ళరు. చెవి తమ్మె కీలాయిడ్ కోసినప్పుడు నెలల తరబడి నొక్కి పట్టే ప్రత్యేక కమ్మలు పెట్టుకోమంటారు. అవి పెట్టుకుని పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చినా తీయకండి, పైన జుట్టు వదులుకోండి.

డాక్టర్‌ను ఇవి అడగండి: కోశాక ఎన్నో రోజున తర్వాతి చికిత్స? రేడియేషన్ ఈ ఊళ్ళోనేనా, వేరే చోటికి వెళ్ళాలా? ఎన్ని ఇంజెక్షన్లకు డబ్బు సిద్ధం చేసుకోవాలి? మళ్ళీ వస్తోందని మొదట తెలిసే గుర్తు ఏది? వీటికి సూటిగా జవాబు రాకపోతే కోతకు తేదీ తీసుకోకండి, ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి.